వాంతి మాత్ర – మనస్సు మాత్ర

మన ఇండ్లలో మందుల డబ్బా తెరచి చూచినచో జ్వరపు మాత్రల ప్రక్కన ఒక వాంతి మాత్రల పట్టీ కనిపించును. అందులో సగము ఎప్పుడో వాడినవి. మిగిలిన సగము ఎప్పటికైనను పనికివచ్చునని దాచినవి. ఆ మాత్రయే, లేదా దానికి తోబుట్టువు వంటి మరియొక మాత్రయే, మతి చలించినవారికి మానసిక వైద్యశాలలో ఇచ్చుచున్నారని చెప్పినచో ఇంటివారు మొదట నమ్మరు. నమ్మినవారు భయపడి పట్టీని పెరటిలోనికి విసరివేయుదురు. ఈ రెండును సరికావు. ఈ మందులు మంచి మందులే. అయితే ఇచ్చువారు కొన్ని సంగతులు అడిగి ఇవ్వవలసినవి, పుచ్చుకొనువారు కొన్ని సంగతులు చెప్పి పుచ్చుకొనవలసినవి. నల్లగొండ, మహబూబ్‌నగరు సీమలలో ఆ అడుగవలసిన సంగతులు పుస్తకములలో ఉన్నవానికంటె మరి కొన్ని ఎక్కువగ ఉన్నవని మా అనుభవము.

ముందుగ ఈ మందుల పుట్టుక కొంచెము చెప్పెదము. 1950 డిసెంబరులో ఫ్రాన్సు దేశమున రోన్ పూలెంక్ అను మందుల సంస్థలో పాల్ షార్పాంతియే అను రసాయన శాస్త్రజ్ఞుడు క్లోర్‌ప్రోమజీన్ అను పదార్థమును తయారుచేసినారు. నౌకాదళమున శస్త్రవైద్యుడైన ఆంరీ లబోరీ, ఆ మందు ఇచ్చిన రోగి నిద్రపోకుండగనే నిశ్చింతగ ఉండుట గమనించినారు. 1952లో పారిసులోని సెంత్ ఆన్ ఆసుపత్రిలో జాన్ డిలే, పియేర్ డెనికేర్ అను వైద్యులు దానిని ఉన్మాద రోగులకు ఇచ్చి చూచి ఫలితములను ప్రకటించినారు. అంతవరకు తాళము వేసిన గదులలో ఏండ్ల తరబడి ఉన్నవారిలో ఎందరో ఇంటికి పోగలిగినారు. వైద్య చరిత్రలో ఇది చిన్న సంగతి కాదు. చిత్రమేమనగా, అమెరికాలో ఆ మందు హక్కులు తీసికొన్న సంస్థకు మొదట ఆసక్తి కలిగించినది దానిలోని వాంతిని ఆపు గుణమే. తరువాత కొలది యేండ్లకే అదే కుటుంబమునుండి ప్రోక్లోర్‌పెరజీన్ వచ్చినది. మన దుకాణములలో స్టెమెటిల్ అని అడుగునది ఇదియే. పెరినార్మ్ అను పేరుతో అమ్ము మెటోక్లోప్రమైడ్ రసాయనముగ వేరు వంశమునకు చెందినదైనను, పనిచేయు తీరు చాలవరకు ఇదే.

ఒకే మందు వాంతికిని, మనస్సుకును ఎట్లు పనికివచ్చును? మెదడు అడుగు భాగమున, రక్తములోని విషమును పసిగట్టు ఒక చిన్న స్థలము కలదు. డోపమైన్ అను పదార్థము అక్కడ వార్త అందించినప్పుడు కడుపు త్రిప్పును, వాంతి వచ్చును. ఆ డోపమైనే మెదడులో మరియొక చోట మన ఆలోచనలతోను, నమ్మకములతోను ముడివడి ఉన్నది. ఇంకొక చోట కాలుసేతుల కదలికను దిద్దుచున్నది. ఈ మందు డోపమైన్ వార్తను వాకిటనే ఆపును. కాని మందునకు విలాసము తెలియదు. ఒక ఇంటికి పోవలసిన జాబును తపాలా జవాను వీధిలోని మూడిండ్లలోను పంచిపెట్టినట్లు, వాంతి కొరకు ఇచ్చిన మందు కదలికల ఇంటి తలుపు కూడ తట్టును. చిక్కంతయు అక్కడ ఉన్నది.

కొన్ని యేండ్ల క్రిందట వానకాలమున ఒక సాయంత్రము మేము పనిచేయుచున్న వైద్యశాలకు దేవరకొండ వైపునుండి ఒక బాలికను ఆటోలో తెచ్చినారు. పదునారేండ్లుండును. మెడ ఎడమ ప్రక్కకు మెలిదిరిగి అట్లే నిలిచిపోయినది. కనుగ్రుడ్లు పైకి పోయినవి. దవడ బిగిసినది, నాలుక ఒక ప్రక్కకు వచ్చినది. స్పృహ మాత్రము పూర్తిగ ఉన్నది. చెంపలమీద కన్నీరు కారుచున్నది. వెంట వచ్చిన ముసలమ్మ మా చేతులు పట్టుకొని, “అయ్యా, పోరికి గాలి సోకింది. మంచిగున్న పిల్ల పొద్దుగూకెవరకు ఇట్లయింది. జర సూడుండ్రి” అన్నది. అప్పటికే వేపమండలతో విసరినారు, నిమ్మకాయలు త్రిప్పి వేసినారు. మేనమామ కాలిలో ముల్లు గ్రుచ్చుకొన్నదేమో, ధనుర్వాతమేమో అని వణకుచున్నాడు. అతని అనుమానము బుద్ధిహీనమైనది కాదు. చూచుటకు రెండును కొంతవరకు ఒకటి వలెనే ఉండును. కొత్తగ వచ్చిన వైద్యులు కూడ తడబడినది మేము చూచినాము.

“నిన్నగాని మొన్నగాని సూది వేయించినారా?” అని అడిగినాము. ఒకరి ముఖము ఒకరు చూచుకొన్నారు. ముందునాడు పిల్లకు వాంతులైనవనియు, ఊరి ఆర్.ఎం.పి. వైద్యుడు ఒక సూది వేసి నాలుగు మాత్రలు ఇచ్చినాడనియు అప్పుడు చెప్పినారు. మందు పేరు ఎవరికిని తెలియదు. చీటీ లేదు. మాత్రలు కాగితపు పొట్లములో కట్టి ఇచ్చినవి. ఊరికి ఫోను చేసి ఆ వైద్యుని అడుగగా అతడు దాచక పేరు చెప్పినాడు. వాంతులు ఆపు సూదియే. అతని తలంపు చెడ్డది కాదు. అర్ధరాత్రి ఆ ఊరిలో తలుపు తీయువాడు అతడొక్కడే.

ప్రోమెథజీన్ సూది వేసిన అరగంటలో పిల్ల మెడ నిటారుగ నిలిచినది. మంచినీళ్ళు అడిగినది. ముసలమ్మ మమ్ము గొప్ప భూతవైద్యులనుకొన్నదేమో, పాదములు అంటబోయినది. ఆ ప్రోమెథజీన్ కూడ షార్పాంతియే చేతిమీదుగనే, 1940ల దశకములో వచ్చిన మందు, క్లోర్‌ప్రోమజీనుకు అక్కవంటిది. ముడి వేసిన ఇంటివారే ముడి విప్పుటకు కూడ మనిషిని పంపినారన్నమాట!

ఇట్లు మెడ తిరుగుట యౌవనములో ఉన్నవారికి, పిల్లలకు ఎక్కువగ వచ్చును. మందు పుచ్చుకొన్న కొలది గంటలనుండి రెండు మూడు దినములలోపల కనబడును. తగిన సూది పడినచో త్వరగ తగ్గును. అయినను మందు ప్రభావము ఒంటిలో ఉన్నంతవరకు తిరిగి రాగలదు గనుక రెండు మూడు దినములు విరుగుడు మాత్రలు వాడవలసి ఉండును. గొంతు కండరములు బిగిసినచో ఊపిరికే అపాయము. కాబట్టి మెడ తిరిగినవారిని, కనుగ్రుడ్లు నిలిచిపోయినవారిని మొదట ఆసుపత్రికే తీసికొనిపోవలెను. బాణామతి అనియు, గాలి అనియు ఒక రాత్రి గడుపుట తగదు. దేవునికి మ్రొక్కుకొనవద్దని మేము చెప్పము. ఆటోలో కూర్చుండి మ్రొక్కుకొనవచ్చును.

చిన్న పిల్లల వాంతులకు ఈ మందులు మొదట తలచవలసినవి కావు. పిల్లవాని ప్రాణము తీయునది తరచుగ వాంతి కాదు, ఒంటిలో నీరు పోవుట. ఓ.ఆర్.ఎస్. నీళ్ళు చెంచాడు చెంచాడుగ, ఓపికతో, వాంతి అయినను పది నిమిషములు ఆగి మరల పట్టవలెను. మెటోక్లోప్రమైడ్ విషయమున ఐరోపా మందుల సంస్థ 2013లో కట్టుదిట్టము చేసినది: ఏడాది లోపు శిశువులకు అసలే ఇవ్వరాదు, పెద్దపిల్లలకు వేరు మందు పనిచేయనప్పుడే ఇవ్వవలెను, ఎవరికైనను అయిదు దినములు మించరాదు. మన పల్లె దుకాణములలో ఈ మాట ఇంకను గట్టిగ వినబడవలసి ఉన్నది.

ముసలివారి సంగతి వేరు. నల్లగొండ అనగానే ఫ్లోరైడు జ్ఞాపకము వచ్చును. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతములలో వెన్ను బిగిసి, మెడ త్రిప్పలేక, మనిషి పిలిచినచో ఒళ్ళంతయు త్రిప్పి చూచువారిని తరతరములుగ చూచినాము. కృష్ణానీరు కుళాయిలలోనికి వచ్చిన తరువాత కొత్తతరము కొంత తేరుకొన్నది గాని పాత ఎముకలు మారవు. అందుచేత ఈ సీమలో ముసలివారికి ఏ బిగువు వచ్చినను నీటి ఖాతాలో వ్రాయుట అలవాటైపోయినది. తల తిరుగుచున్నదని ఒకసారి వ్రాసిన స్టెమెటిల్ మాత్రను పూటకొకటి చొప్పున సంవత్సరముల తరబడి మ్రింగుచున్న పెద్దలున్నారు. వ్రాసిన వైద్యునికి ఆ సంగతి తెలియదు. దుకాణదారుడు పాత పట్టీ చూచి కొత్త పట్టీ ఇచ్చుచున్నాడు. కొన్ని నెలలకు ఆ పెద్దమనిషి అడుగులు చిన్నవగును. ముఖము కదలదు. ఊరక ఒడిలో పెట్టుకొన్న చేయి వణకును. అది నీరు చేసిన పని కాదు, మాత్ర చేసిన పని. ఫ్లోరైడు బిగువు ఏండ్లమీద, నొప్పితో, వెన్నులోను కీళ్ళలోను వచ్చును. మందు బిగువు వారములలోనో నెలలలోనో వచ్చి, నడకను, ముఖమును, చేతిని పట్టును. వైద్యుడు గుర్తించి మందు మాన్పించినచో చాలమందికి కొన్ని వారములలోనో నెలలలోనో తగ్గును. గుర్తింపనిచో వణకునకు మరియొక మందు, ఆ మందు వలన మలబద్ధమునకు మరియొక మందు వ్రాయుదురు. ఇట్లు సంచి నిండిన ముసలివారిని మేము చూచినాము.

తాంబూలము లేకయే తమలపాకు నములుచున్నట్లు నోరు ఆడుచుండుట మరియొక గురుతు. ఇది దీర్ఘకాలము వాడినవారికి వచ్చును. ఒక్కొక్కప్పుడు మందు మానినను పోదు. మెటోక్లోప్రమైడును మూడు నెలలు మించి వాడుట ఈ కారణముననే తగదని అమెరికా మందుల శాఖ 2009లో హెచ్చరించినది. మతిమరపు వ్యాధి గల వృద్ధులకు మనోవ్యాధి మందులు ఇచ్చుట వలన మరణముల అపాయము హెచ్చుచున్నదని 2008లో ఈ పాత మందులకు కూడ హెచ్చరిక చేర్చినారు. గుండె లయ తప్పు జబ్బు ఉన్నవారు ఆ సంగతి ముందే వైద్యునికి చెప్పవలెను.

ఇక కల్లు సంగతి. కూలిపని ముగిసిన పిమ్మట కల్లు దుకాణమున కొంతసేపు కూర్చుండుట పాలమూరు సీమలో పాత అలవాటు. ఆడవారును త్రాగుదురు, అందులో దాచుకొనునది లేదు. చెట్టునుండి దించిన కల్లును గూర్చి మేమిక్కడ తగవు పెట్టుకొనము. అయితే చెట్లు ఎన్నో, సీసాలు ఎన్నో లెక్క కుదరని చోట ఆ తేడాను పొడి పూడ్చుచున్నది. క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, అల్ప్రాజోలమ్ అను నిద్రమందులే ఆ పొడి. 2015 సెప్టెంబరులో ఎక్సైజు అధికారులు కట్టడి చేయగా మహబూబ్‌నగరు, నిజామాబాదు జిల్లాలలో కల్తీ కల్లు ఒక్కసారిగ దొరకకపోయినది. ఏండ్లుగ తమకు తెలియకుండ నిద్రమందునకు అలవాటుపడిన శరీరములు తట్టుకొనలేకపోయినవి. చేతులు వణకినవి, నిద్ర పోయినది, వాంతులు పట్టినవి. లేనివారితో మాటలాడినారు, ఫిట్సు వచ్చి పడినారు. జిల్లా ఆసుపత్రులు నిండినవి. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు కూడ పంపవలసి వచ్చినది.

అట్టి రోగి ఒకడు మన ఎదుట ఉన్నాడనుకొందము. ఒక ప్రక్క వాంతులు, ఒక ప్రక్క పిచ్చి మాటలు. రెండింటికిని ఒకే మందు ఉన్నదని ఇంతకు ముందే చెప్పినాము గదా! చేయి దానిమీదికే పోవును. ఉరి అక్కడనే పన్ని ఉన్నది. ఈ కుటుంబపు మందులు, అందులోను క్లోర్‌ప్రోమజీన్, ఫిట్సు వచ్చుటను సులభము చేయును. ఆ రోగి అప్పటికే ఫిట్సు అంచున నిలిచి ఉన్నాడు. అతనికి ముందుగ కావలసినది ఏ జాతి నిద్రమందు హఠాత్తుగ ఆగినదో ఆ జాతి మందునే వైద్యుని కనుసన్నలలో ఇచ్చి, దినదినమునకు కొంచెముగ తగ్గించుకొనుచు వచ్చుట. మనస్సు మందు అవసరమైనచో ఆ తరువాత, ఆ అండతో ఇవ్వవలెను. దీనికి తిరుగుడు కూడ ఉన్నది. దినదినము కల్తీ కల్లు త్రాగుచున్నవానికి ఈ మందు ఇచ్చినచో మత్తు మీద మత్తు కలియును. రాత్రి లేచి నిలబడగనే రక్తపుపోటు పడి గడపమీద కూలును, ఒక్కొక్కప్పుడు ఊపిరియే మందగించును. కావున “కల్లు త్రాగుదువా, ఎన్ని సీసాలు, ఆఖరున ఎప్పుడు?” అను ప్రశ్న ఈ సీమలో చీటీ వ్రాయుటకు ముందు తప్పక అడుగవలసినది. గద్దించి అడిగినచో నిజము రాదు. భార్య ఎదుట అడిగినచో మగవాడు, అత్త ఎదుట అడిగినచో కోడలు అబద్ధమాడుదురు. వేరుగ పిలిచి అడుగవలెను.

ఈ మందుల పెట్టెలో మడిచి పెట్టిన కాగితమును ఎవరును చదువరు. అచ్చు చీమకాళ్ళవలె ఉండును. క్లోర్‌ప్రోమజీన్ కాగితములో ఒక వాక్యము మాత్రము మన రైతును చూచి వ్రాసినట్లున్నది: మిక్కిలి వేడిమిలో తిరుగువారు, పురుగుమందులకు లోనగువారు జాగ్రత్తగ వాడవలెనని దాని భావము. ఈ మందులు శరీరము తన వేడిని తాను చల్లార్చుకొను శక్తిని తగ్గించును. నల్లగొండలో మే నెల ఎండ ఎట్టిదో చెప్పనక్కరలేదు. మనస్సు మందు వాడుచున్న కూలివాడు మిట్టమధ్యాహ్నము ఉపాధిపనిలో మట్టి త్రవ్వరాదు. తెల్లవారుజామున, సాయంత్రము పని చూచుకొనవలెను, నీరు విరివిగ త్రాగవలెను, తల కప్పుకొనవలెను. అట్టివానికి తీవ్రమైన జ్వరము వచ్చి, ఒళ్ళు కట్టెవలె బిగిసి, మాట తడబడినచో వడదెబ్బ అని మజ్జిగ పట్టి కూర్చుండరాదు. మందు వలననే వచ్చు ఒక అరుదైన ప్రాణాపాయము అట్లే ఉండును. వెంటనే పెద్ద ఆసుపత్రికి చేర్చి, వాడుచున్న మందు పేరు చెప్పవలెను.

ప్రత్తి చేనికి పురుగుమందు కొట్టి వచ్చినవానికి వాంతి పట్టినప్పుడు దానిని వాంతి మాత్రతో ఆపుట దొంగ వచ్చినాడని మొరుగు కుక్క నోరు కట్టివేయుట వంటిది. చొంగ కారుచున్నదా, చెమటలు పోయుచున్నవా, కంటిపాప సూదిమొనవలె చిన్నదైనదా చూడవలెను. బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్ళు కడిగి, పురుగుమందు డబ్బాను కూడ వెంటబెట్టుకొని ఆసుపత్రికి పోవలెను. అట్లే ప్రేగు మెలిపడిన వాంతిని, తలకు దెబ్బ తగిలిన పిమ్మటి వాంతిని కూడ ఈ మాత్ర కప్పిపెట్టగలదు.

ఇంతవరకు విన్నవారిలో, ఇంటిలో మనోవ్యాధి గలవారున్నవారు కొందరు ఇప్పటికే మాత్రలు మాన్పింప నిశ్చయించి ఉందురేమో అని మాకు భయము. ఆ పని చేయవద్దు. ఈ మాట మేము తక్కినవాటికంటె గట్టిగ చెప్పుచున్నాము. వాంతికి మూడు దినములు వాడునది వేరు, ఉన్మాదమునకు సంవత్సరములు వాడునది వేరు. రెండవదానిలో మందు చేయు కీడుకంటె మందు హఠాత్తుగ మానుట వలని కీడు తరచుగ పెద్దది. పాలమూరు వలస కూలీలు ఆరు నెలలు ముంబయికిని, పుణెకును పోవుదురు. పండుగకు వచ్చినప్పుడు తీసికొన్న మాత్రలు రెండు నెలలకు అయిపోవును. ఆ ఊరిలో భాష రాదు, చీటీ లేదు. మూడవ నెలలో మనిషి రైలు దిగి ఎటో పోయినాడని కబురు వచ్చును. పయనమునకు ముందే ఎన్ని నెలలకు పోవుచున్నారో వైద్యునికి చెప్పి అన్ని నెలలకు ఏర్పాటు చేసికొనవలెను.

కాలు నిలువక, కూర్చుండలేక, రాత్రియంతయు వాకిట పచారు చేయుచున్నచో వ్యాధి ముదిరినదనుకొని మందు పెంచవద్దు. అదియు మందు వలన కావచ్చును. ఆ ఆరాటము మాత్ర మొదలుపెట్టక ముందునుండి ఉన్నదా, తరువాత వచ్చినదా అను ఒక్క సంగతి ఇంటివారు సరిగ చెప్పగలిగినచో వైద్యుని పని సగము తీరును. మనస్సునకు సంబంధించిన సలహా కొరకు 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ వారి 14416 నంబరునకు ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడవచ్చును. మందు వలన కీడు జరిగినదని తోచినచో 1800-180-3024 నంబరునకు ఎవరైనను తెలుపవచ్చును. వైద్యులే చెప్పవలెనను నియమము లేదు.

వైద్య సోదరులకు కూడ ఒక మాట. ఈ మందులు చట్టప్రకారము చీటీ మీదనే అమ్మవలసినవి. చీటీమీద ఎన్ని దినములో వ్రాయక ‘పూటకొకటి’ అని మాత్రము వ్రాసి పంపినచో అది జీవితకాలపు ఆజ్ఞయైపోవును. దినముల సంఖ్య వ్రాయుటకు అర నిమిషము పట్టును. మెడ బిగిసినచో వెంటనే రమ్మని నోట చెప్పుటకు మరి అర నిమిషము.

ఆ దేవరకొండ పిల్ల తరువాత రెండు మూడు పర్యాయములు మా దగ్గరకు వచ్చినది, జ్వరమునకో దగ్గునకో. ముసలమ్మ వచ్చిన ప్రతిసారియు రేషను కార్డు పెట్టిన ప్లాస్టిక్ కవరులోనుండి ఒక కాగితపు ముక్కను తీసి ముందుగ బల్లమీద పెట్టెడిది. ఆ పిల్లకు పడని సూది పేరు తెలుగులో పెద్ద అక్షరములతో మేము వ్రాసి ఇచ్చినది. ముసలమ్మకు చదువు రాదు. మడతలు చినిగినచోట అన్నము మెతుకుతో అతికించి పెట్టినది.